తోక లేని బాంబరు

షెడ్డు తాళం తీసిన సతీష్‌కు బాంబరు విమానం కనిపించింది గాని, దాని తోక కనిపించలేదు.

యుద్ధకాలపు విమానాల ఫ్యాక్టరీ మీద తీస్తున్న సినిమా కోసం, వెంగల్‌లో అత్తగారి పాత రైసుమిల్లు షెడ్డులో అతను రేకులతో కట్టిన మొదటి డమ్మీ విమానం అది. పది గంటలకు ఆర్ట్ డైరెక్టర్ దేవసేన తిరువళ్లూరు నుంచి చూడ్డానికి వస్తుంది. నచ్చితే మరో మూడు విమానాలు అతనికే. నచ్చకపోతే, ఇదే పని చేసే మింజూరు మహేంద్రకు.

"యేసురత్నం! తోక యాడరా?"

"నిన్న చేత్తో నట్లు తిప్పి పెట్టినా అన్నా. ఇప్పుడు స్పానరుతో బిగిద్దామని వస్తి" అన్నాడు వెల్డర్ యేసురత్నం, రెండడుగులు వెనక్కి వేసి.

"ఇది మహేంద్రగాడి పనే!"

షెడ్డులో సిగ్నల్ అందదు. సతీష్ రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఆడి నెల, అమ్మవారి మొక్కుల కాలం. పెరియపాళయం అమ్మవారికి నడిచిపోయే జనానికి అత్త చెంగమ్మ అంబలి పోస్తోంది. మైకులో అమ్మవారి పాట హోరెత్తుతోంది. వేపమండలు కప్పిన ఆమె పందిరి నీడన నిలబడి, ఒక చెంబు తాగి, మహేంద్రకు ఫోన్ చేశాడు.

"దొంగనాయాలా! నా తోక నాకియ్యి!"

"పొద్దన్నే తాగినావా?"

"అంబలి తాగినా!"

"ఆడనే ఉండు. వస్తా ఉండా."

మహేంద్ర నలుగురు మనుషులతో వ్యాను దిగేసరికి, యేసురత్నం మిల్లు ఇనుపతలుపును ఊడదీసి విమానానికి తోకగా అతికిస్తున్నాడు. సతీష్ మహేంద్ర చొక్కా పట్టుకున్నాడు. మహేంద్ర మనుషులు యేసురత్నం నిచ్చెన పట్టుకున్నారు. తలుపు ఎవరూ పట్టుకోలేదు. ధడేల్మని కింద పడింది.

దుమ్ము తగ్గాక చూస్తే, గుమ్మంలో దేవసేన.

ఆమె విమానం చుట్టూ ఒకసారి తిరిగింది. సతీష్ మహేంద్ర చొక్కా వదిలేశాడు.

"సూపర్ సతీష్! మొదటి సీనులో విమానం ఇంకా తయారవతా ఉండాల. ఆ సంగతి చెప్పనే లేదే అని దారంతా దిగులుపడతా వచ్చినా. తోక తీసెయ్యాలని ఎవరికి తోచింది?"

"నాకే మేడమ్" అన్నాడు సతీష్.

"ఫోన్లో ఐడియా ఇచ్చింది నేను" అన్నాడు మహేంద్ర, చొక్కా సర్దుకుంటూ.

"నట్లు విప్పింది నేను మేడమ్" అన్నాడు యేసురత్నం, నిచ్చెన మీదినుంచే.

అతిథులకు అంబలి తెచ్చిన చెంగమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"ఏందయ్యా ఈ అబద్ధాలు? తోక దించింది నేను. పందిరికి పైకప్పు చాలకపోయె. మిల్లు తాళంచెవి ఇంకోటి నా కాడనే ఉండె. నడిచిపోయే ఆడోళ్లు తలా ఒక చెయ్యి వేసినారు. దాని కిందనే నిలబడి అంబలి తాగిపోయినాడు మా అల్లుడు. రెక్కలు కూడా దించేదాన్నే, వాటి నట్లు బిగువుగా ఉండె."