ఊగే పన్నూ, ఒక్క నిమిషమూ

చక్రం తర్వాత మనిషి కనిపెట్టిన గొప్ప సంగతి ఏమిటంటే విమానమనో, కంప్యూటరనో అంటారు మీరు. కాదు మహాశయులారా! పిల్లల క్వయిట్ టైమ్!

మా అమ్మాయి బడిలో టీచరమ్మ చెప్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పసివాళ్లను కాసేపు బొమ్మలతో, పుస్తకాలతో గదిలో వాళ్ల మానాన వదిలేయాలట. పెద్దవాళ్లు లోపలికి వెళ్లకూడదట. ఊహాశక్తి పెరుగుతుందట. మనసు కుదుటపడుతుందట. ఎవరి మనసో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు!

మొదటి రోజు 'సైలెన్స్!' అని నేను పెట్టిన కేకకు పై వాటా ఆయన చెప్పులైనా వేసుకోకుండా దిగి వచ్చారు. 'నిశ్శబ్దం' అనే మాటలో మూడింట రెండొంతులు 'శబ్దమే' ఉన్నది ఊరికేనా? ఆ తర్వాత వంటింటి టైమర్ తెచ్చి పిల్ల గదిలో పెట్టాం. చెవి మెలిపెడితే టిక్కుటిక్కుమని తిరిగి, చివర్లో గణగణమంటుంది. అది మోగేదాకా పిల్ల గడప దాటకూడదు. మెలిపెట్టేది టైమర్ చెవే కనుక బాలల హక్కులకు భంగం లేదు!

ఇక లాభాలు వినండి. ఇవాళ్టి సంగతే తీసుకోండి. ఫోన్ పట్టుకుని సోఫాలో వాలాను. ఎవరో, ఎక్కడో కార్పెట్ కడుగుతుంటే ఆఖరి మురికిచుక్క వదిలేదాకా చూశాను. (మా ఇంటి కార్పెట్ సంగతెత్తి నన్ను నొప్పించకండి.) పక్క గదిలోంచి మా ఆవిడ నా ఫొటోకి లైకు కొట్టింది. మాటా మాటా రాని మధ్యాహ్నం! దాంపత్యమంటే ఇదీ!

గణగణ. పిల్ల పరుగెత్తుకొచ్చింది. కింది పన్ను ఊగుతోందట, చూడమంది. తన మొట్టమొదటి ఊగే పన్ను. ఏటా బడ్జెట్ మర్నాడు పన్నుల మీద వ్యాసం దంచేవాణ్ని, పన్ను గురించి నాకు చెప్పాలా? ఒక్క నిమిషం అన్నాను. కార్పెట్‌కు రెండోవైపు మిగిలిపోయింది మరి! కాసేపాగి మళ్లీ వచ్చింది. మళ్లీ నిమిషం అడిగాను. చివరికి, దాని ఊహాశక్తి మీద గౌరవం కొద్దీ, గదిలోకి పంపి టైమర్ చెవి ఇంకోసారి మెలిపెట్టి వచ్చాను.

లోపల కిక్కురుమంటే ఒట్టు. ఏం విజయం!

ఇంతలో మా అమ్మ తలుపు సందులోంచి తొంగిచూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్ను పిలిచింది.

"ఇటు రారా. లోపల నీ ఏకపాత్రాభినయం నడుస్తోంది."

వెళ్లి చూశాను. పిల్ల కుర్చీలో కాళ్లు బారజాపి వెనక్కి వాలింది. చేతిలో ఓ చెక్కముక్క. బొటనవేలితో దాన్ని పైకి, పైపైకి తోస్తోంది. ఎదురుగా దూది ఎలుగుబంటి. సన్నగొంతుతో ఎలుగు అడిగింది: "నాన్నా, నా పన్ను ఊగుతోంది, చూడవా?"

చెక్కముక్క మీంచి తలెత్తకుండా, బొంగురుగొంతుతో జవాబు: "ఒక్క నిమిషం, బంగారం."

ఊహాశక్తి పెరుగుతుందన్నారే! ఇందులో ఊహ ఏదండీ?

"ఏదమ్మా, పన్ను చూపించు" అన్నాను గడప మీద కాలు పెట్టి.

పిల్ల టైమర్ వైపు వేలు చూపించింది. "ఇంకా మోగలేదు నాన్నా. పెద్దవాళ్లు రాకూడదు."

రూలు రూలే కదా! ఈ నాలుగు ముక్కలూ గుమ్మం బయట నేలమీద కూర్చుని రాస్తున్నాను. ఫోన్ మా అమ్మ దగ్గరుంది. నోరు మూసుకునే ఉన్నాను. క్వయిట్ టైమ్ పెద్దలకూ మహా మంచిది, సందేహం లేదు. మనసు కుదుటపడుతుందన్న మాటే అబద్ధం.

ఆ పన్ను ఊడేలోగా గంట మోగితే చాలు.