జేబున్న పుస్తకం

తీగలపాడు పట్టణంలో ఆవిష్కరణ సభ జరగని పుస్తకం ఎవరి కంటికీ కనబడదు. రాస్తున్నంతసేపూ కనబడుతుంది, తయారవుతున్నంతసేపూ కనబడుతుంది, పూర్తయిన మరుక్షణం మాయమవుతుంది. ముఖ్య అతిథి వేదిక మీద నిలబడి, రంగు కాగితం చింపి, పుస్తకాన్ని గుండెకి అడ్డంగా పట్టుకుని ఫొటోకి నవ్వితే మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. ఇదేమిటని ఊళ్ళో ఎవరూ అడగరు. అడిగినా, కనబడాలంటే సభ పెట్టుకోవచ్చు కదా అంటారు.

అచ్చు పుస్తకాలకి దీనివల్ల పెద్ద చిక్కు లేదు. ఒక ప్రతిని ఆవిష్కరిస్తే, అచ్చం అలాగే ఉన్న మిగతా ప్రతులన్నీ కవిగారి మంచం కింద అట్టపెట్టెల్లో ఒక్కసారిగా కనబడతాయి. ఆ తరువాత ఏళ్ళ తరబడి అక్కడే కనబడుతూ ఉంటాయి.

చిక్కల్లా బొడ్డు హైమావతికి వచ్చింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో సోషల్ పాఠాలు చెబుతుంది. ఇంట్లో కుట్టుమిషను పక్కన సూదిమొన ప్రచురణలు అనే సంస్థ నడుపుతుంది. సంస్థలో ఆమె తప్ప ఎవరూ లేరు. ఆమె కవిత్వం కాగితం మీద ఉండదు. వీధిలోవాళ్ళు ఇచ్చిన పాతబట్టలే పుటలు, దారంతో కుట్టినవే అక్షరాలు. ఒక ప్రతిలో ఎవరింటిదో కిటికీ తెర ఉంటుంది, ఇంకోదాంట్లో ఎవరిదో చీర కొంగు. ఏ రెండు ప్రతులూ ఒకలా ఉండవు. చివరి ముడి వేసి దారం తెంపగానే పుస్తకం చేతిలోనే మాయమవుతుంది, బరువు మాత్రం మిగులుతుంది.

మొదటి ప్రతిని చిన్ననాటి స్నేహితురాలు జుబేదా కోసం కుట్టింది. జుబేదా భర్త నిరుడు పోయాడు. ఆయన నీలిగళ్ళ చొక్కా అందులో ఒక పుట అయింది. వాక్యాలు గుండీల దగ్గర ఆగేలా చూసుకుంది. జేబుని జేబుగానే ఉంచి, దాని లోపలివైపు నాలుగు పాదాలు కుట్టింది. చెయ్యి పెడితే వేళ్ళకి తగులుతాయి.

పుస్తకం కనబడకపోవడం వల్ల జుబేదాకి ఏ లోటూ రాలేదు. రోజూ మధ్యాహ్నం కరెంటు పోగానే వచ్చి, బల్ల మీద తడుముకుని, పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, జేబులో చెయ్యి పెట్టుకుని కూర్చునేది. చూసేవాళ్ళకి ఖాళీ ఒళ్ళోకి చూస్తూ ఏదో గొణుక్కుంటున్నట్టు ఉండేది. నిజానికి ఊరు మొత్తం మీద కవిత్వం చదువుతున్న మనిషి ఆవిడొక్కతే.

అది చూసి హైమావతికి ఆశ పుట్టింది. ఇంకో నలుగురు చదివితే బావుండుననుకుంది. కవులకి వచ్చే జబ్బే అది. సంచీ భుజానికి తగిలించుకుని పట్టణ సాహితీ సమాఖ్యకి వెళ్ళింది. కార్యదర్శి వక్కలంక భాస్కరమూర్తిగారు చాలా మర్యాదస్తులు. కుర్చీ వేయించి, అంతా విన్నారు.

“ఎన్ని ప్రతులమ్మా?”

“ఇప్పటికి పాతిక అయ్యాయండీ.”

“అన్నీ ఒకేలా ఉన్నాయా?”

“లేవండీ. చేత్తో కుట్టినవి కదా.”

“అయితే పాతిక సభలు. పాతిక శాలువాలు, పాతిక జ్ఞాపికలు. ఇది నేను పెట్టిన రూలు కాదమ్మా. పుస్తకమే వేరైనప్పుడు సభ ఒకటే అంటే ఎలా కుదురుతుంది?”

“పోనీ ఒక్కసారి చేత్తో పట్టుకోండి. మీకే తెలుస్తుంది.”

ఆమె సంచీలోంచి ఒక ప్రతి తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. భాస్కరమూర్తిగారు వేలితో ఓసారి నొక్కి చూశారు. “బావుంది, ప్రయోగాత్మకంగా ఉంది,” అని తన టీ గ్లాసు దాని మీద పెట్టుకున్నారు. గ్లాసు బల్లకి బెత్తెడు ఎత్తున గాల్లో నిలబడింది.

ఆ తరువాత ముఖ్య అతిథి డేట్ల కోసం తిరగడం మొదలైంది. ఊళ్ళో పుస్తకాలన్నీ రామలింగేశ్వరరావుగారి చేతుల మీదుగానే కనబడాలి. ఆయన రిటైరైన పెద్ద అధికారి. మొదటిసారి ఆయన మనవడి పుట్టినరోజు అడ్డొచ్చింది. రెండోసారి హాలుని ఎవరికో నిశ్చితార్థానికి ఇచ్చేశారు. మూడోసారి ఆయన వచ్చారు గాని శాలువా రాలేదు. శాలువా లేకుండా ఆవిష్కరించకూడదా అని హైమావతి అడిగింది. భాస్కరమూర్తిగారు ఆమెకేసి జాలిగా చూశారు.

“ఇంక నావల్ల కాదే,” అంది హైమావతి ఇంటికొచ్చి చెప్పులు ఓ మూలకి విసిరేసి. “ఒళ్ళు మండిపోతోంది. ఈ తిరుగుడు తిరిగే బదులు ఇంకో పుస్తకం కుట్టుకునేదాన్ని.”

“వదలకు,” అంది జుబేదా. “నాదే పట్టుకెళ్ళు. మా ఆయన చొక్కాని ఊరంతా చూడనీ. పాపం, పెళ్ళిలో తప్ప ఆయన్నెవరూ స్టేజి ఎక్కించలేదు.”

చివరికి సభ జరిగింది. రామలింగేశ్వరరావుగారు తన బాల్యం గురించి, తను పనిచేసిన జిల్లాల గురించి, ఆ జిల్లాల్లో దొరికే మామిడిపళ్ళ గురించి చెప్పి, “నేనింకా ఈ పుస్తకం చదవలేదు గాని ఇది గొప్ప పుస్తకం,” అన్నారు. ఇందులో ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆవిష్కరణకి ముందు పుస్తకం కనబడదు కనుక చదవలేరు. ఆవిష్కరణ అయ్యాక దాని గురించి మాట్లాడే పని ఉండదు కనుక చదవనక్కర్లేదు. ఆయన రంగు కాగితం చింపగానే నీలిగళ్ళు కనబడ్డాయి, గుండీలు లైటు వెలుతురుకి మెరిశాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో జుబేదా లేచి నిలబడి మరీ కొట్టింది.

సభ ముగిశాక ఆవిడ వేదిక దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. భాస్కరమూర్తిగారు పుస్తకాన్ని రెండో చేతిలోకి మార్చుకున్నారు.

“తొలి ప్రతమ్మా ఇది. సమాఖ్య అద్దాల బీరువాకి వెళ్ళాలి.”

“దీనికి రెండో ప్రతి లేదండీ,” అంది హైమావతి. “దేనికది తొలి ప్రతే.”

“అందుకే అన్నీ బీరువాకే వస్తాయి. మీ అదృష్టం చూడండి, ఏ కవికీ ఇంత చోటు దొరకలేదు.”

పుస్తకాన్ని చొక్కా పుట దగ్గర తెరిచి అద్దం వెనక నిలబెట్టారు. బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు. జుబేదా మర్నాడు వెళ్ళింది. జేబు సరిగ్గా ఆవిడ కంటికి ఎదురుగా ఉంది. అద్దం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. భాస్కరమూర్తిగారు వచ్చి ఆ చేతిగుర్తుని జేబురుమాలుతో తుడిచారు.

“కనబడుతోందిగా అమ్మా, ఇంకేం కావాలి?”

కనబడుతున్నది జేబు. కవిత లోపల ఉంది. జుబేదా తిరిగొచ్చి ఆ మాట హైమావతికి చెప్పింది. అది విని హైమావతి తనని తాను తిట్టుకుంది, తరువాత ఏడ్చింది.

వారం తిరక్కుండానే భాస్కరమూర్తిగారు ఫోన్ చేశారు. రెండో ప్రతికి డేటు దొరికిందట, శాలువా కూడా సిద్ధమట.

“వద్దండీ,” అంది హైమావతి.

“దొరికిన డేటు వదులుకుంటే మళ్ళీ దొరకదమ్మా. మీ పుస్తకం అసలుందని కూడా ఎవరికీ తెలీదు.”

“మంచిదండీ.”

ఆ సాయంత్రం జుబేదా ఇంకో చొక్కా తెచ్చింది. తెల్లది, జేబు కింద సిరా మరక ఉంది. “అది రంజాన్‌కి వేసుకునేది. ఇది రోజూ వేసుకునేది,” అని మడత విప్పి మిషను మీద పరిచింది. “ఈసారి ఎవరికీ చూపించకు.”

హైమావతి పాత నాలుగు పాదాలూ గుర్తు తెచ్చుకుని జేబు లోపల మళ్ళీ కుట్టింది. చివరి ముడి వేసి దారాన్ని పళ్ళతో కొరికింది. చొక్కా మాయమైంది. జుబేదా చేతులు చాపి బరువందుకుని, తడుముకుని, జేబు దొరికాక కూర్చుంది.

ఆ ఏడాది సమాఖ్య వార్షిక నివేదికలో, పట్టణంలో చేతితో చేసే పుస్తకాలు అంతరించిపోయాయనీ, చదివే అలవాటు కూడా పోతోందనీ విచారం వెలిబుచ్చారు. బీరువాలోది తప్ప ఎవరి కంటా ఏదీ పడలేదు కనుక ఆ మాటని ఎవరూ కాదనలేదు. హైమావతి వీధిలో ఇప్పుడు కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో కొందరు ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని, ఖాళీ ఒళ్ళోకి తల వంచుకుని ఉంటున్నారు. అటుగా వెళుతున్న భాస్కరమూర్తిగారు ఒకరోజు ఆగి, ఏం చేస్తున్నారమ్మా అని అడిగారు. ఏమీ లేదండీ, ఊరికే కూర్చున్నాం అన్నారు వాళ్ళు.