చూశానా, చేశానా?

ప్రూఫులు దిద్దే ఉద్యోగం కాబట్టి రాయుడు పొద్దస్తమానం అందరి తప్పులూ దిద్దుతాడు. దిద్దుకోనివి సొంతవే. ఏ పని చెప్పినా "రేపు" అంటాడు గనక ప్రెస్సులో అతణ్ణి రేపటి రాయుడు అంటారు. ఆ పేరు అచ్చువేసింది ప్రెస్సువాళ్లే అయినా, రాసింది మాత్రం రాయుడి భార్య.

అలాంటి రాయుడు ఒక ఆదివారం సాయంత్రం పెద్ద చార్టూ, స్కేలూ, మూడు రంగుల పెన్నులూ పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు.

"ఫ్రిజ్ తలుపు ఖాళీ చెయ్యి. రేపటి నుంచి నేను కొత్త మనిషిని."

"పాత మనిషిని ఎవరికిచ్చేస్తున్నారు?" అంది ఆవిడ, ఉల్లిపాయలు తరుగుతూ.

సంగతేమిటంటే, ప్రూఫుల విభాగం పెద్దాయన నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీ కిటికీ పక్కన, ఫ్యాను కింద ఉంటుంది. రాయుడు పన్నెండేళ్లుగా తలుపు వెనక స్టూలు మీద కూర్చుంటున్నాడు. తలుపు తీసిన ప్రతివాడూ అతని మోచేతికి ఒకటి తగిలించి పోతాడు. ఆ కుర్చీ ఎవరికని అడిగితే యజమాని "క్రమశిక్షణ ఉన్నవాడికి" అన్నాడు. తొమ్మిదింటి ఆఫీసుకి రోజూ తొమ్మిదిన్నరకి వచ్చే రాయుడి వైపు చూడకుండా అన్నాడు.

చార్టులో ఏడు అలవాట్లు. ఐదింటికి లేవడం, నడక, వ్యాయామం, పది పేజీల చదువు, మితాహారం, మృదుభాషణం, సమయపాలన. ఒక్కోదాని ఎదురుగా ముప్పై గళ్లు. చేసిన రోజు గడిలో టిక్కు పెట్టి, నెలాఖరుకి యజమానికి చూపించాలి.

"ఇందులో నాకేమైనా పనుందా?"

"ఉంది. నన్ను ఐదింటికి లేపాలి."

"అయితే అలవాటు మీది, లేవడం నాది అన్నమాట."

మొదటిరోజు లేచాడు. రెండోరోజు లేచి కూర్చున్నాడు. మూడోరోజు లేద్దామనుకున్నాడు. నాలుగోరోజుకి నడక కాస్తా పడక అయింది. ఒక్క అక్షరమే తేడా. ప్రూఫులో అయితే ఎర్రసిరాతో దిద్దేసేవాడు, ఇక్కడ దుప్పటితో కప్పేశాడు.

కానీ ఎనిమిదింటికి లేచి చూస్తే చార్టులో ఖాళీ గళ్లు నోళ్లు తెరుచుకుని కనిపించాయి. జాలేసి ఒక టిక్కు పెట్టాడు. హాయిగా అనిపించింది. ఇంకోటి పెట్టాడు. పదిరోజులు తిరిగేసరికి టిక్కులతో పాటు అతని టెక్కూ పెరిగింది.

పదకొండోరోజు ఆవిడ పాలగిన్నెతో ఫ్రిజ్ దగ్గర ఆగిపోయింది.

"ఏవండీ, ఇవాళ ఐదింటికి లేచినట్టు టిక్కుంది. ఐదింటికి మీ గురకకి లేచింది నేను కదా."

"టిక్కు సంగతి నీకు తెలీదోయ్. మా వృత్తిలో టిక్కంటే 'చూశాను' అని అర్థం. 'ఐదింటికి లేవడం' అన్న మాట చూశాను. అచ్చుతప్పేమీ లేదు. టిక్కు పెట్టాను."

"అంటే చేశాను అని కాదన్నమాట."

"చూశానుకీ చేశానుకీ ఎంత తేడా? కొమ్ము తీసేసి ఏత్వం పెడితే సరి."

ఆవిడ వాదించలేదు. రాయుడు భయపడాల్సింది సరిగ్గా అక్కడే. భయపడలేదు.

మర్నాడు అతని చార్టు పక్కన ఇంకో చార్టు వెలిసింది. ఆవిడ చేతిరాత. కాఫీ, ఉతుకు, ఇస్త్రీ, క్యారేజీ. అన్నిటికీ టిక్కులు.

"కాఫీ ఏదోయ్?"

"టిక్కు పెట్టానుగా. పొడి డబ్బా చూశాను. నిండుగా ఉంది."

చొక్కా బకెట్లో నానుతోంది. అదీ చూసిందట. మధ్యాహ్నం ప్రెస్సులో క్యారేజీ మూత తీస్తే, తళతళలాడే అడుగున రాయుడికి తన మొహమే కనిపించింది. ఆ రోజు మితాహారం గడిలో పడ్డది మాత్రం నిజమైన టిక్కు.

తప్పు ఒప్పుకుంటే కాఫీ వస్తుంది. కానీ చార్టు పోతుంది, చార్టుతో కుర్చీ పోతుంది. అందుకని నెలాఖరుదాకా నలిగిన చొక్కాలతో, రెండు రంగుల మేజోళ్లతో నెట్టుకొచ్చి, ఆఖరిరోజు చార్టు చుట్టుకుని యజమాని ముందు నిలబడ్డాడు.

యజమాని కళ్లద్దాలు సర్దుకుని చార్టంతా చూశాడు. "ఏమయ్యా, ఐదింటికే లేచేవాడివి ఆఫీసుకి తొమ్మిదిన్నరకి వస్తావేం?"

"ఇంట్లో ఆత్మాభివృద్ధి ఎక్కువైపోయింది సార్. అదంతా ముగించుకుని వచ్చేసరికి..."

"చొక్కా ఏమిటి అలా ఉంది?"

"వ్యాయామం సార్."

"సాక్ష్యం?"

"మా ఆవిడ," అని నోరు జారాడు.

యజమాని అక్కడికక్కడే ఇంటికి ఫోను చేసి స్పీకరు పెట్టి, మీ ఆయన ఐదింటికి లేస్తాడా అని అడిగాడు. ఆవిడ ఒక్క నిజం చెబితే చాలు, మళ్లీ తలుపు వెనక స్టూలే.

"ఐదింటికా? ఎవరన్నారండీ?" ఆవిడ గొంతు తేనెలా జారింది. "నాలుగున్నరకే లేస్తారు. పనేమీ తోచక గదిలోంచి గదిలోకి తిరుగుతారు పాపం. చూస్తే జాలేస్తుంది. పొద్దున్నే ఏదైనా పని అప్పజెబితే మీకు పుణ్యముంటుంది."

ఎంత మంచి పెళ్లాం, అనుకున్నాడు రాయుడు. ఆ అభిప్రాయం అర నిమిషం నిలిచింది. యజమాని సొరుగు లాగి తాళాల గుత్తి బల్లమీద పెట్టాడు.

"కుర్చీ నీదే. ఇదీ నీదే. పెద్దాయన ఇరవై ఏళ్లుగా పొద్దున ఆరింటికి వచ్చి ప్రెస్సు తెరిచేవాడు. నువ్వు రాకపోతే పొద్దుటి షిఫ్టు పనివాళ్లు నలభైమంది వీధిలో నిలబడాలి."

"ఎప్పటి నుంచి సార్?"

"రేపటి నుంచి. నీకిష్టమైన మాటేగా."

ఇంటికెళ్లి తాళాలు ఆవిడ ముందు పడేశాడు. "నాలుగున్నర అని ఎందుకు చెప్పావే?"

"మొదటి బస్సు ఐదుంబావుకండీ. కనుక్కున్నాను."

"అంటే ఈ తాళాల సంగతి నీకు ముందే తెలుసా?"

"పెద్దాయన భార్య కూరల కొట్లో కనబడుతుంటుంది. ఆయన తనంతట తనే లేచి వెళ్లిపోతే, ఆవిడ ఇరవై ఏళ్లుగా ఏడింటిదాకా హాయిగా నిద్రపోతోందట. మొహం ఎలా కళకళలాడుతుందో మీరే చూడాలి."

మర్నాడు నాలుగున్నరకి అలారం మోగింది. రాయుడు నిజంగానే లేచాడు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని, కాఫీ తనే కలుపుకుని, పడగ్గది గుమ్మంలో నిలబడి ఒక్క మెచ్చుకోలు మాట కోసం గొంతు సవరించుకున్నాడు.

"వెళ్లొస్తానోయ్."

దుప్పటి కాస్త కదిలింది.

"ఆ లైటు ఆర్పేసి వెళ్లండి. కళ్లలో పడుతోంది."