ఆరు రోజుల పెద్దరికం

గర్భస్రావం విషయంలో ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇరుపక్షాలు సియోల్‌లో ఒక కమిటీగా చర్చలకు కూర్చున్నాయని, మూడు వారాలుగా కూర్చునే ఉన్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పాత నిషేధాన్ని కోర్టు కొట్టేసి ఏళ్లయింది. కొత్త చట్టం ఇంకా దారిలోనే ఉంది.

చర్చను పొల్లుపోకుండా నమోదు చేసే భాగ్యం స్టెనోగ్రాఫర్ బాంగ్ హేసూకు దక్కింది. కమిటీ మొదలైన రోజుకు ఆమె గర్భానికి పన్నెండో వారం. కారకుడు ఫోన్ నంబరు మార్చుకున్నాడు. "ఎన్ని వారాల దాకా చెయ్యొచ్చో ఆ కమిటీని తేల్చనీ అమ్మా. పద్నాలుగు దాటితే మాత్రం నేను ముట్టుకోను" అన్నాడు డాక్టరు. అందుకే కమిటీ మాటలను ఆమె విన్నంత శ్రద్ధగా దేశంలో ఎవరూ వినలేదు.

మొదటి వారం ప్రాణరక్షణ సమాఖ్య చీలింది. అవతలివాళ్లతో మాట్లాడటమే పాపమన్నవారు ఒక గదిలో, మాట్లాడి ఒప్పుకోకపోతే పాపం అంటదన్నవారు ఇంకో గదిలో కింబాప్ తిన్నారు. రెండో వారం నిర్ణయహక్కు వేదిక వంతు. వారాల పరిమితికి ఒప్పుకున్నవారు ద్రోహులని కొందరన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోవాలా వద్దా అని నాలుగుసార్లు ఓటింగు జరిగింది.

మూడో వారం ఇరుపక్షాలూ ముఖాముఖి వచ్చాయి. ముందు వయసులో పెద్దవారు మాట్లాడాలి. ఇందులో ఎవరికీ పేచీ లేదు. సమాఖ్య అధ్యక్షుడు క్వాక్ పియాంగ్‌హో మార్చి మూడున పుట్టాడు. వేదిక అధ్యక్షురాలు ఓక్ మిర్యాంగ్ అదే ఏడు, అదే నెల తొమ్మిదిన పుట్టింది.

"ఆరు రోజులు పెద్దవాణ్ణి. ముందు నేనే" అని క్వాక్ గొంతు సవరించుకున్నాడు.

"ఆగండాగండి. ఎనిమిదో నెలలోనే పుట్టేశానని మీ ఆత్మకథలో మీరే రాసుకున్నారుగా? నేను మా అమ్మ కడుపులో నిండా పది నెలలున్నాను. లెక్కేసుకోండి, మీకన్నా ముందునుంచీ ఉన్నాను నేను!" అంది ఓక్.

"ఉండటమేంటమ్మా? కడుపులో ఉన్నదాన్ని ఎవరైనా మనిషంటారా? పేరుందా, రిజిస్టర్లో ఎక్కిందా? పుట్టాకే లెక్క!"

"అయితే అప్పుడు నేను మనిషిని కాదా? ఎంత మాటన్నావు! చిన్నవాడివి, నోరు మూసుకుని అక్కా అను!"

"నువ్వా? నన్ను నువ్వంటావా?"

క్వాక్ వెనకున్న పాస్టర్లు అలవాటు కొద్దీ చప్పట్లు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓక్ లాయరు ఆమె కోటు పట్టుకుని లాగింది. ఓక్ తగ్గలేదు. సిద్ధాంతానిదేముంది, సాయంత్రానికి సర్దుకోవచ్చు.

హేసూ వేళ్లు ఆగాయి. ఏడేళ్ల ఉద్యోగంలో మొదటిసారి తలెత్తింది.

"అయ్యా, అమ్మా... వారాల సంగతి ఇవాళ తేలుతుందా? శుక్రవారంతో నాకు పద్నాలుగు నిండుతాయి."

నాయకులిద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నీ వయసెంత?" అన్నాడు క్వాక్.

"ముప్పై ఒకటండీ."

"పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో నోరెత్తొచ్చా?" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

ఇరుపక్షాల మధ్య ఇదే తొలి ఏకాభిప్రాయం. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కమిటీ వచ్చే నెలకు వాయిదా పడింది. హేసూ ఆ ముక్క కూడా టైపు చేసి, బాత్రూములోకి వెళ్లి ఏడ్చింది.

మర్నాడు పత్రికలన్నీ సయోధ్య ఫొటో వేశాయి. అందులో నాయకులిద్దరూ నవ్వుతున్నారు. అంచున ఒక ఆడమనిషి భుజం కనిపిస్తుంది. ఆమె ఎవరని అడుగుతూ ఒక్క ఉత్తరమూ రాలేదు. ఆ ఇద్దరిలో ఎవరు పెద్దో తేలుస్తూ మాత్రం పాఠకులు నాలుగు వేల ఉత్తరాలు రాశారు. అందులో మనదీ ఒకటుంది.