సంచార లోపం

“గోడ లోపల నీళ్లు కారుతుంటే పైకి ఎలా తెలుస్తుందండీ?” అని, కొనబోయే ఇంటి గుమ్మం దాటకముందే మా ఆయన్ని అడిగాను. ఆయన చెప్పులు విప్పుకుంటున్నారు. జవాబు రాలేదు. (రావడం ఆనవాయితీ కూడా కాదు.)

ఇలాంటి ప్రశ్నలకు ఇకమీదట మనుషులు జవాబు చెప్పనక్కర్లేదని పైవాళ్లు తీర్మానించారు. ఇల్లు కొనేవారు ముందుగా ఆ ఇంటికి జ్వరం ఉందేమో చూపించాలి. అందుకో కెమెరా ఉంది. గోడకేసి పట్టుకుంటే చల్లగా ఉన్నచోట నీలంగా, వేడిగా ఉన్నచోట ఎర్రగా కనిపిస్తుంది. నీలమైతే లోపల చెమ్మ. ఎరుపైతే లోపల కరెంటు తీగ కాలుతోంది. రెండూ కాకపోతే ఇంకా పేరు పెట్టని జబ్బు. నాకీ పద్ధతి ఎంతో నచ్చింది. ఏ పరికరమూ లేకుండా ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే.

కొంటున్నది మా అమ్మాయి, అల్లుడు. వాళ్లిప్పుడుంటున్న ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. తనిఖీ అధికారి సాయంత్రంలోగా ‘లోపం లేదు’ అని సంతకం పెడితే ఇల్లు మావాళ్లది. పెట్టకపోతే, వరసలో మా తర్వాత వచ్చి బయట మెట్ల మీద కూర్చున్న ఇంకో జంటది. కర్టెన్ల కోసం వాళ్లు బయటి నుంచే కిటికీలు కొలిచేసుకున్నారు కూడా.

అధికారి (ఉష్ణ దృశ్య తనిఖీదారు, రెండో తరగతి) వంటింటితో మొదలుపెట్టారు. కన్నతల్లిగా ఆయనకంటే ఒక గది ముందుండటం నా బాధ్యత అనిపించింది. పడకగదిలోకి వెళ్లి గోడలన్నీ అరచేత్తో తడిమాను, చెమ్మ తగులుతుందేమోనని. చెవి ఆనించి విన్నాను, నీళ్ల చప్పుడు వస్తుందేమోనని. ఏమీ లేదు. దాంతో మరీ భయం వేసింది.

నా వెనకే వచ్చిన అధికారి పడకగదిలో ఆగిపోయారు. కెమెరా తెర మీద, గోడలో అయిదు వేళ్లు ఎర్రగా వెలుగుతున్నాయి. పక్కనే ఒక చెవి. గోడకు చెవి ఉండటం లోపమా, అదనపు సౌకర్యమా అన్నది రూల్సులో లేదట. పై అధికారికి ఫోన్ చేస్తే ఫొటో పంపమన్నారు. ఈ మాటల్లో పడి కాసేపయ్యేసరికి వేళ్లూ లేవు, చెవీ లేదు.

ఆ కంగారులో నేను హాల్లోకి పరుగెత్తి అక్కడి గోడలు ఇంకాస్త గట్టిగా నొక్కి చూశాను. అధికారి వచ్చేసరికి అక్కడా వేళ్లే. స్నానాలగదికి పరుగెత్తాను. అక్కడా అవే. అల్లుడి మొహం సున్నం వేసినట్టు తెల్లబోయింది. ఎప్పటికప్పుడు సంగతంతా మా ఆయన చెవిన వేస్తూనే ఉన్నాను.

పై అధికారి ఫోన్లోనే తీర్పు చెప్పారు. ఉన్నచోట ఉండేది మామూలు లోపం. తనిఖీదారు కంటే ముందు నడిచేది ‘సంచార లోపం’. అది ఒకచోట స్థిరపడేదాకా సంతకం పెట్టరాదు. (స్థిరపడకపోతే, పక్కింటికి వెళ్లిపోయేదాకా.)

“అమ్మా, ఇప్పుడెలాగే?” అంది అమ్మాయి. ఇల్లు వచ్చేసినట్టేనని సగం సామాను మూటలు కట్టేసుకుంది పిచ్చిది. మెట్ల మీది జంట లేచి బట్టలు దులుపుకున్నారు. అది చూసి అలాగే హాల్లో గోడకి జారగిలబడిపోయాను. అమ్మాయి వచ్చి నన్ను లేపి కిటికీ గట్టు మీద కూర్చోబెట్టింది.

నేను తప్పుకున్న చోట అధికారి కెమెరా పట్టారు. ఒక ఆడమనిషి ఆకారం, కొప్పుతో సహా. ఆయన గోడని చూశారు. నా కొప్పు చూశారు. మళ్లీ గోడని చూశారు. (రెండో తరగతివారికి ప్రశ్న అడిగే అధికారమే తప్ప, అర్థం చేసుకునే అధికారం లేదు.)

“ఈ వేడి ఎప్పటి నుంచి ఉంది?” అని అడిగారు.

అల్లుడు పైకప్పు చూస్తున్నాడు. అమ్మాయి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఎక్కడో కుళాయి బొట్టు పడితే అది కూడా వినపడింది. (లీకేజీ ఏమో.)

చివరికి, పొద్దుటి నుంచి నోరు విప్పని మా ఆయన గొంతు సవరించుకున్నారు.

“మా పెళ్లయినప్పటి నుంచి సార్. ఏ ఇంటికెళ్లినా మాతోనే వస్తుంది. మీరు సంతకం పెట్టేయండి.”