కోనమడుగులో ఎర్ర గీతలు

శనివారం పొద్దున్నే బయలుదేరి కోనమడుగు చూసి రావాలన్నది ఏర్పాటు. నల్లమల వాలులో ఏటి ఒడ్డున ఉన్న పాత ఊరు అది. రాళ్లు పరిచిన వీధి, కూలిన కోట గోడ, ఊరి చుట్టూ అటవీశాఖ వారి పార్కు. పెళ్లయిన పన్నెండేళ్లలో జయప్రకాష్ భార్య రమ్యను షికారుకు తీసుకుపోతానని ఒప్పుకోవడం ఇదే మొదలు. అతను ఆళ్లగడ్డలో సమాధి రాళ్లు, శిలువలు చెక్కే శిల్పి. మేలుకున్నంత సేపూ అతని కళ్లకు రాయి తప్ప మరొకటి కనపడదు, పాపం రమ్య ఎదురుగానే ఉన్నా సరే.

బస్సెక్కే ముందే రమ్య తేల్చి చెప్పింది. "ఈ పొద్దు రాళ్ల పని పెట్టుకున్నావంటే, అట్నుంచటే నంద్యాలకు మా అమ్మోళ్లింటికి పోతా. క్రిస్మస్ దాకా రాను."

"నా నోట రాయి అనే మాటే రాదులే," అన్నాడు జయప్రకాష్. నోటికి హామీ ఇచ్చాడు గానీ, చేతి సంగతి అతనికే తెలియదు.

క్వారీలో మంచి రాయి కనబడితే వేలితో తట్టి, మోత విని, జాజు అనే ఎర్రమట్టి ముక్కతో గీత గీసి, ఎన్ని అడుగులుందో పక్కన అంకె వేయడం అతని అలవాటు. ట్రాక్టరువాడు ఆ గుర్తు చూసే రాయి ఎత్తుతాడు. కోనమడుగు వీధిలో ఇంటింటి ముందూ అరుగు, ఒక్కొక్కటీ పగులు లేని ఏకరాయి. రమ్య ముందు నడుస్తూ కోట గోడను ఫోటోలు తీసుకుంటోంది. వెనక జయప్రకాష్ చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది. వీధి చివరికి వచ్చేసరికి ఏడు అరుగుల మీద ఏడు గీతలు, ఏడు అంకెలు.

మొదటి కేక వెంకటమ్మ అనే ముసలామెది. "ఓ నాయనో! మా అరుగుకు గీతేసి పోయినారు! నాలుగంట!"

"నాలుగడుగులు కొట్టేస్తారవ్వా, రోడ్డు వెడల్పు చేస్తాండారు," అన్నాడు పక్కింటి అజయ్ కుమార్, పాలిపోయిన ముఖంతో. "కింద ఊళ్లల్లో గూడా ఇట్లనే గీతలేసి, మర్నాడే పొక్లెయిన్ దెచ్చినారు."

వీధి వీధంతా బయటికొచ్చింది. ఒకామె ఇంట్లోంచి మంచం ఈడ్చుకొచ్చింది. ఇంకొకాయన అప్పుడే పెంకులు దించడం మొదలుపెట్టాడు. జయప్రకాష్‌కు సంగతి అర్థమైంది. నిజం చెబితే రమ్య నంద్యాల బస్సెక్కుతుంది. చెప్పకపోతే వీళ్లు ఊరినే విప్పి పెట్టుకునేలా ఉన్నారు. ఎవరూ చూడకుండా చేతిరుమాలు తడిపి వెంకటమ్మ అరుగు మీది గీత తుడవబోయాడు.

అదే కొంప ముంచింది. "గీత తుడుస్తాండాడు చూడండప్పా! తుడిచే అధికారం ఉందంటే ఈయనే ఆఫీసరు!" అని అజయ్ కుమార్ అరిచాడు. క్షణంలో కుర్చీ వచ్చింది, మజ్జిగ వచ్చింది. "మాది ఐదుంది సార్, రెండు చేయండి." "మాది తుడిచేయండి సార్, బిడ్డలుండారు." చివరగా అజయ్ కుమార్ చెవి దగ్గరికి వంగి, "మా అన్న అరుగుకు గీత మర్చిపోయినట్టుండారు సార్," అని గుర్తు చేశాడు.

రమ్య కోట గోడ దగ్గర్నుంచి తిరిగి వచ్చింది. "మా ఆయన ఆఫీసరెప్పుడయినాడు?" ఆమె చూపు అతని వేళ్ల మీదికి పోయింది. అయిదు వేళ్లూ ఎర్రగా ఉన్నాయి.

"ఆఫీసరును గాదు. రాళ్లు చెక్కుకునేటోన్ని," అని జయప్రకాష్ ఏడుపు గొంతుతో ఒప్పుకున్నాడు. "మంచి రాళ్లని గుర్తు పెట్టినా. అంతే."

ఊరు నోరు తెరిచింది. ఆ తరువాత ఆ నోటి నుంచి వచ్చిన మాటలు అచ్చు వేయదగినవి కావు. వెంకటమ్మ మజ్జిగ గ్లాసు లాక్కుని, కొబ్బరి పీచు చేతిలో పెట్టింది. జయప్రకాష్ ఏటి నీళ్లు మోసి ఏడు అరుగులూ తోమాడు. ఆలోగా రమ్య వెంకటమ్మను వెంటబెట్టుకుని పార్కంతా తిరిగింది, జింకలను చూసింది, ఏట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. తిరుగు బస్సులో ఆమె నంద్యాల మాటే ఎత్తకపోవడం అతన్ని మరింత భయపెట్టింది.

పొద్దు ఉండగానే ఇల్లు చేరారు. ఇంటిని ఆనుకుని ఉన్న అతని షెడ్డు గోడ మీద బారెడు ఎర్ర గీత. పక్కన అంకె, ఆరు.

"మధ్యాన్నం ఆఫీసోళ్లు వచ్చినారన్నా. మన వీధి మొత్తానికీ ఏసి పోయినారు," అన్నాడు ఎదురింటి ఇమ్రాన్.

జయప్రకాష్‌కు పొద్దుటి గీతలే గుర్తొచ్చాయి. తెలియకుండానే చేతిరుమాలు తీసి రుద్దాడు. అది జాజు కాదు, పెయింటు.

రమ్య సంచి గడపలో దించి, ఆ గీతను వేలితో తట్టి చూసింది.

"ఏం గాదులేప్పా. ఎవరో శిల్పి మన ఊరు చూసేకి వచ్చింటాడు."