ఎంచిన గళ్ల మేరకు

ఈ వ్యవహారం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: కాలువ గట్టున పాత సైకిళ్ల దుకాణం ఒకటి, మా ఊరి తోటల సంఘంలో ఎనభై ఒకటో నంబరు మడి ఒకటి, ఆ మడిలో ఏడాదికి నాలుగు నెలలు చీలమండల దాకా నిలిచే నీళ్లు. పదకొండేళ్లు వరుసలో నిలబడి సంపాదించుకున్న ఆస్తి అది. సంఘంలో సభ్యులు కూరలు పండించుకునే మడులు ఎనభై ఆరు, తలకొకటి. ఒకటో నంబరు గేటు పక్కన పొడినేలలో ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ నేల దిగుతుంది. ఎనభై ఆరు రైలు కట్ట కింద బురదలో కప్పలతో ఉమ్మడిగా ఉంటుంది.

మా కార్యదర్శి ఫోల్కెర్ట్ మైన్స్‌మా ప్రతిభావంతుడు. కిందటేడు సంఘాన్ని కాగితం లేని సంఘంగా ప్రకటించి, ముప్ఫై ఏళ్ల దస్త్రాలను ఈస్టరు పండగకు వేసే మంటలో వేసి, ఆ సెగ మీద అందరికీ సాసేజీలు కాల్చి పెట్టాడు. నాటి నుంచి సభ్యుల పేర్లు, మడి నంబర్లు ఒక్క స్ప్రెడ్‌షీట్‌లోనే ఉన్నాయి. దానికి ఆయన స్వయంగా ఒక మాక్రో రాశాడు. మాక్రో అంటే మీట నొక్కగానే చెప్పిన పని చకచకా చేసిపెట్టే ఆదేశాల వరుస. దాని సుగుణం వినయం. "దయచేసి గళ్లను ఎంచుకోండి" అని ముందుగా అడుగుతుంది. మౌసుతో ఎంచి చూపిన గళ్ల మీదే పని చేస్తుంది. పక్క గడిలో ఏముందో ఆరా తీయదు. పక్కింటి సంగతి ఆరా తీయకపోవడమే మర్యాద అని నమ్మే మా ఫ్రీస్లాండు సీమలో ఇంతకన్నా సంస్కారం గల యంత్రం పుట్టలేదు.

మార్చిలో వార్షిక సమావేశం వచ్చింది. సభ్యులు ఛాతీకి తగిలించుకునే పేరు చీటీలు అచ్చు వేయడానికి ఫోల్కెర్ట్ పేర్లను ఇంటిపేరు వరుసన అక్షరక్రమంలో పెట్టబోయాడు. కావలసింది పేర్లే కనుక పేర్ల గళ్లే ఎంచాడు. మీట నొక్కాడు. పేర్లు బుద్ధిగా వరుసలో నిలబడ్డాయి. పక్కనున్న నంబర్లు ఉన్నచోటి నుంచి కదలలేదు. ఆయన భద్రపరిచాడు. భద్రపరచగానే పట్టిక తనంతట తానే పురపాలక కార్యాలయానికి చేరి, అక్కడి పాతదాన్ని చెరిపి ఆ చోట కూర్చునే ఏర్పాటు చేసింది కూడా ఆయనే. కార్యాలయం అదే రోజు ముద్ర వేసింది. ఆ కార్యాలయం ఒక పనిని అదే రోజు చేయడం నాకు తెలిసి అదొక్కసారే.

మర్నాడు సంగతి బయటపడింది. ఇంగ్లీషు 'ఎ' అక్షరం వాళ్లకు గేటు పక్కన మడులు, జెడ్ అక్షరం వాళ్లకు కప్పలు. వెనక్కి తిప్పబోతే, మాక్రో చేసిన పనికి వెనుకదారి ఉండదని తెలిసింది. పాత పట్టిక ఉందా అంటే, దాన్ని మనం సాసేజీలతో తినేశాం.

నా ఇంటిపేరు ఆడెమా. నాకు రెండో నంబరు పడింది. అప్పటిదాకా అది నీన్కె జ్వార్ట్ మడి. ఆమె బస్సు నడుపుతుంది. మూడేళ్ల క్రితం అక్కడ తెల్ల ఆస్పరాగస్ నాటింది, మట్టి కిందే తెల్లగా పెరిగే కాడల కూర. అది మూడేళ్లు ఒక్క కాడ కోయకుండా పెంచాలి. ఈ ఏప్రిల్‌లోనే మొదటి కోత. ఆ వయసులో వేళ్లు పెళ్లగిస్తే బతకవు, బురదలో అసలే బతకవు. జెడ్‌తో మొదలయ్యే జ్వార్ట్ పేరుకు పడింది ఎనభై ఆరు.

సమావేశానికి ముందురోజు నీన్కె నా దుకాణానికి వచ్చింది.

"ఏమోయ్ ఆడెమా, నా మడి నీకొచ్చిందటగా. మొహం మీద ఆ నవ్వేమిటి?"

"నవ్వు కాదు తల్లీ, గ్రీజు మరక."

"సరే, రేపు పట్టిక మీద నీ ఓటెటు?"

"ఇంకెటు, నీవైపే. మూడేళ్లు నువ్వు పడ్డ పాట్లు నేను చూళ్ళేదా?"

"చూశావులే. ఒక్కనాడు నీళ్ల డబ్బా అందుకున్న పాపాన పోలేదు గానీ, చూడ్డం మటుకు బాగానే చూశావు."

మాట ఇచ్చాను. వ్యాపారి మాటకు కూడా ఏ రోజు ధర ఆ రోజుదే.

సమావేశంలో ఆనవాయితీ ప్రకారం తలకొక కప్పు కాఫీ, తలకొక బిస్కెట్ ఇచ్చి, రెండోది ఎవరూ అడగకముందే డబ్బాకు మూత పెట్టారు. అధ్యక్షుడు బూలెన్స్ గారు లేచారు.

"సభ్యులారా! కొందరు దీన్ని పొరపాటు అంటున్నారు. పట్టికలో ఒక్క పేరు పోలేదు, ఒక్క నంబరు పోలేదు. మరి పొరపాటు ఎక్కడ? ఎవరికి వారు 'ఇది నా మడి' అని నోటిమాటగా చెప్పుకుంటూ పోతే ఇక పట్టిక దేనికి? అక్షరమాలకు బంధుప్రీతి లేదు, పదవీకాంక్ష లేదు. ఇంతటి నిష్పక్షపాతమైన కార్యవర్గం మన సంఘానికి ఇంతవరకు దొరకలేదు!"

దొరకలేదన్నది నిజం. పద్దెనిమిదేళ్లుగా కార్యవర్గాన్ని నడుపుతున్నది ఆయనే.

నీన్కె లేచింది. "బూలెన్స్ గారూ, మీ పాత మడి డెబ్బై తొమ్మిది. ఇప్పుడు ఏడు. అక్షరమాల మీద అంత ప్రేమ ఊరికే పుడుతుందా? రెండో మడి నాదని ఈ హాల్లో తెలియని వాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు.

"మరింకేం? రాసి పారెయ్యండి!"

ఫోల్కెర్ట్ ఓపికగా చెప్పాడు: "అందరికీ తెలియడం వేరండీ, పట్టికకు తెలియడం వేరు. నేను ఎంచింది పేర్లు. వరుసలోకి వచ్చింది పేర్లు. తేడా ఎక్కడుందో చూపించండి."

"పక్క గడిలో ఉందయ్యా మగడా!"

"పక్క గడిని నేను ఎంచలేదు కదండీ. ఎంచని గడికి నన్నెలా బాధ్యుణ్ణి చేస్తారు?"

హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ వాక్యాన్ని వార్షిక నివేదిక అట్ట మీద వేయాలని ఎవరో ప్రతిపాదించారు, ఎవరో బలపరిచారు.

పట్టికను ఉన్నదున్నట్టు ఆమోదించే తీర్మానం ఓటుకు వచ్చింది. సరిసమానమైతే వీగిపోతుంది. బూలెన్స్ గారు చేతులు లెక్కపెట్టి నలభై మూడు అన్నారు. నేను నా లెక్క వేసుకున్నాను: పొడినేల, గేటుకు ముప్ఫై అడుగులు, కోతకు నెల రోజులు. చెయ్యెత్తాను. నలభై నాలుగు. వ్యతిరేకం నలభై రెండు. నీన్కె నా చేతివైపు చూసింది. మొహం వైపు చూసే శ్రమ పెట్టుకోలేదు.

ఆ శనివారం కొత్త మడులకు మారే సామాన్లతో ఎనభై ఆరు తోపుడు బళ్లు ఒకే సన్న దారిలోకి దిగాయి. "ముందు మీరు", "అబ్బే, ముందు మీరే" అనుకుంటూ మధ్యాహ్నం దాకా ఒక్క బండీ కదలలేదు. ఇకపై ఇలాంటివి జరగకుండా కార్యవర్గం కొత్త నియమం చేసింది. గళ్లు ఎంచేటప్పుడు ఒకరు మౌసు పట్టుకోవాలి, ఇంకొకరు పక్కన సాక్షిగా కూర్చోవాలి. సాక్షి ఏం చూడాలో నియమంలో లేదు. మాక్రో మాత్రం అలాగే ఉంది. పనిచేస్తున్న దాన్ని ముట్టుకోరాదని మా పెద్దల మాట.

ఏప్రిల్ చివర నేను వంగి మొదటి కాడను నేలకంటా కోశాను. కంచె అవతల సైకిల్ ఆగింది.

"లోపల కొయ్యాలిరా అయ్యా, మట్టిలోకి చెయ్యిపెట్టి. పైపైన కోస్తే లోపలి మోడు కుళ్లి మొక్కకే చేటు" అంది నీన్కె. "నన్ను ముంచావు సరే. దాన్ని కూడా చంపకు."

ఎలా కోయాలో కంచె మీంచే చేత్తో చూపించి, తన బురదకు వెళ్లిపోయింది.

నా తుది లెక్క ఇది. రాబడి: పొడి మడి ఒకటి, ఆస్పరాగస్ పదమూడు కిలోలు, సాక్షి హోదాలో కార్యవర్గంలో కుర్చీ ఒకటి. పోయింది: ఇచ్చేటప్పుడు పైసా ఖర్చు కాని ఒక మాట. నన్ను తిట్టుకోవాలనుకునే పాఠకులు నిరభ్యంతరంగా తిట్టుకోవచ్చు. కాకపోతే మీ పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో ముందు ఒకసారి చూసుకోండి.